మా ఊరి పేరు మీద ఒక బిట్

పోయిన ఆదివారం అటక దులుపుతుంటే నా బిట్ల పుస్తకం బయటపడింది. టీచరు ఉద్యోగానికి రాసే టెట్, డీఎస్సీ పరీక్షల కోసం 2018లో అవనిగడ్డలో కోచింగ్ తీసుకున్నప్పటిది. లాంగ్ నోట్‌బుక్. అట్ట మీద స్కెచ్ పెన్నుతో "సైకాలజీ" అని, దాని కింద "టెట్‌లో 30 మార్కులు!!" అని రాసుకున్నాను. లోపల ఎడమవైపు నీలం ఇంకుతో ప్రశ్న, కుడివైపు ఎర్ర ఇంకుతో జవాబు. ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) అనే భావన ఎవరిది? స్టెర్న్. అవసరాల సోపానక్రమం? మాస్లో. అంతర్ముఖులు, బహిర్ముఖులు? యూంగ్. సాధనా ప్రేరణ? మెక్లిలాండ్. తెల్లవారుజామున నాలుగింటికి హాస్టల్ మెట్ల మీద కూర్చుని వల్లె వేసేదాన్ని. మూర్తిమత్వం (అంటే మనిషి స్వభావం), ప్రజ్ఞ, ప్రేరణ, సాంఘిక ప్రవర్తన అని నాలుగు చాప్టర్లు. మనిషి గురించి తెలుసుకోవాల్సింది ఈ నాలుగింట్లో ఉందని నిజంగానే నమ్మాను.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఉప్పాడ వైపు సముద్రం ఒడ్డున ఒక ప్రాథమిక పాఠశాలలో మూడు, నాలుగు తరగతులకు చెబుతున్నాను. పిల్లల ఇళ్ళలో చాలామంది వేటకెళ్ళేవాళ్ళే. ఆ పుస్తకం దుమ్ము దులిపి మళ్ళీ చదివితే ఎర్ర ఇంకు జవాబుల్లో సగంతో నాకిప్పుడు పేచీ ఉంది. జవాబులు తప్పని కాదు. జవాబు తెలిసింది కాబట్టి ప్రశ్న అయిపోయిందనుకున్నాను, అదీ నా బాధ.

మెక్లిలాండ్ సంగతే తీసుకోండి. ఆయన పేరు కింద పెన్సిల్‌తో "కాకినాడ ప్రయోగం" అని రాసి ఉంది. ఎప్పుడు రాసుకున్నానో గుర్తులేదు. నాది కాకినాడే. పుట్టింది, పెరిగింది జగన్నాథపురంలో. అయినా మా ఊరి పేరుతో ఒక ప్రయోగం ఏమిటి, ఎందుకు, అని ఆ రోజు ఒక్కసారి కూడా అడగలేదు. బిట్‌కి జవాబు దొరికింది కదా.

తర్వాత వెతికి చదివాను. డేవిడ్ మెక్లిలాండ్ హార్వర్డ్ ప్రొఫెసరు. కొందరికి ఏదైనా సాధించి తీరాలన్న తపన ఎక్కువ, కొందరికి తక్కువ, ఆ తపనను శిక్షణతో పెంచవచ్చు అన్నది ఆయన వాదన. దాన్ని పరీక్షించడానికి 1964లో మా కాకినాడ వ్యాపారుల్ని ఎంచుకున్నాడు. హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ, అప్పట్లో సియెట్ అనేవారు, ఆ శిక్షణకు వేదిక. బొమ్మ చూపించి కథ రాయమనేవారు. ఆ కథలో మనుషులు ఏదైనా సాధించాలని తాపత్రయపడుతున్నారా, ఊరికే కూర్చున్నారా అని చూసేవారు. రింగులు విసిరే ఆట కూడా ఆయన వాడినదే. మా వైపు తీర్థాల్లో సబ్బుల మీదకి రింగులు విసిరే కొట్టు ఉంటుందే, అలాంటిదే అనుకోండి. కాకపోతే ఇక్కడ ఎక్కడ నిలబడి విసరాలో మీ ఇష్టం. సాధించాలన్న తపన ఉన్నవాళ్ళు మరీ దగ్గర నిలబడరు, మరీ దూరమూ పోరు. కష్టపడితే పడుతుంది అనిపించే మధ్య దూరం చూసుకుంటారు. శిక్షణ తీసుకున్న వ్యాపారులు తర్వాతి రెండేళ్ళలో, తీసుకోనివాళ్ళ కన్నా ఎక్కువగా కొత్త వ్యాపారాలు పెట్టారు, పెట్టుబడి పెంచారు, పనివాళ్ళను పెట్టుకున్నారు. 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి దీని మీద పుస్తకం వేశాడు.

మా తాతయ్యకి జగన్నాథపురంలో ఇనుప సామాను కొట్టు ఉండేది. ఉత్సాహం పట్టలేక నాన్నకి ఫోన్ చేశాను.

"నాన్నా, 64లో తాతయ్యేమైనా హైదరాబాద్ ట్రైనింగ్‌కి వెళ్ళాడా?"

"64లో మీ తాతయ్య సామర్లకోట దాకా వెళ్ళడమే ఎక్కువే."

సంగతంతా చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. చివర్లో ఒక్కటే అడిగాడు: "మరి ఆళ్ళకి అప్పెవడిచ్చాడంట?"

నా దగ్గర సమాధానం లేదు. నలభై ఏళ్ళు కొట్టు మీద కూర్చున్న మనిషికి తపన అనే మాట వినగానే వడ్డీ గుర్తొస్తుంది. ఆయన అడిగింది వేళాకోళం అనుకున్నాను గానీ, ఆ ప్రశ్నే తర్వాత నన్ను వదల్లేదు. మనిషి లోపల ఏముంది అని నా పుస్తకం అడుగుతుంది. మనిషి చుట్టూ ఏముంది అని మా నాన్న అడుగుతాడు.

ఇక మా బుడ్డోడి సంగతి. పేరు చెప్పను, బుడ్డోడనే అందాం. నాలుగో తరగతి. తీసివేతలు రావు. 500లో నుంచి 180 తీసేయమంటే 480 అని వేస్తాడు. ఒకసారి కాదు, ఎప్పుడూ అదే. సున్నాలోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి సున్నా తీసేస్తాడు, అయిదులోంచి ఒకటి తీసేస్తాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలి, అంతే వాడి లెక్క. అప్పు తెచ్చుకోవడం నాలుగు రకాలుగా చెప్పాను. పుల్లలు కట్టలు కట్టి చెప్పాను. లాభం లేదు. నా డైరీలో వాడి పేరు పక్కన "స్లో" అని రాసుకున్నాను. లోలోపల ఇంకో మాట కూడా అనుకున్నాను. అది నా బిట్ల పుస్తకంలో 90 నుంచి 110 దాకా సగటు అని మొదలయ్యే ఐక్యూ పట్టికలో కింది వరసల్లో ఉంటుంది.

ఒక శనివారం సాయంత్రం ఒడ్డుకి చేపల కోసం వెళ్ళాను. వాళ్ళమ్మ గంప ముందు కూర్చుని ఉంది, వీడు పక్కన. కానాగంతలు కుప్ప తొంభై. రెండు కుప్పలు తీసుకుని అయిదొందల నోటిచ్చాను. వాళ్ళమ్మ చేపల మీద నీళ్ళు చల్లుతోంది, తల కూడా ఎత్తలేదు. వీడే డబ్బాలోంచి ముందు ఇరవై తీసి నా చేతిలో పెట్టి "రెండొందలు" అన్నాడు. తర్వాత మూడు వందల నోట్లు ఒక్కోటీ పెడుతూ "మూడు, నాలుగు, అయిదు" అన్నాడు. నన్ను చూసి సిగ్గుపడి వాళ్ళమ్మ వెనక్కి జరిగాడు.

500లోంచి 180. అదే లెక్క. నేను వాడికి ఏడు నెలలుగా చెబుతున్న లెక్క.

ఇంటికొచ్చి చేపలు కడగడం కూడా మర్చిపోయాను, మా అత్తయ్య తిట్టింది. ఆ తర్వాత తెలిసింది, ఇది నా ఒక్కదాని అనుభవం కాదని. 1985లో బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో కారహెర్, ష్లీమన్ అనే పరిశోధకులు వీధుల్లో సరుకులు అమ్మే అయిదుగురు పిల్లల దగ్గరికి కొనేవాళ్ళలా వెళ్ళారు. బేరం మధ్యలో లెక్కలు అడిగారు. నూటికి 98 సరిగ్గా చెప్పారు. తర్వాత అవే లెక్కల్ని కాగితం, పెన్సిల్ ఇచ్చి బడిలో అడిగినట్టు అడిగితే 37 శాతానికి పడిపోయింది. అందులో పన్నెండేళ్ళ కొబ్బరికాయల కుర్రాడొకడున్నాడు. కాయ 35, పది కాయలెంత అని అడిగారు. మనమైతే పక్కన సున్నా పెట్టేస్తాం. వాడు మూడు కాయలు 105 అని పట్టుకుని, ఇంకో మూడు కలిపి 210 అని, ఇంకో మూడు కలిపి 315 అని, మిగిలిన ఒక్కటీ వేసుకుని 350 అన్నాడు. రోజూ మూడేసి కాయలు అమ్మే చెయ్యి కదా.

అప్పుడు వెనక్కి వెళ్ళి బినె గురించి చదివాను. నా పుస్తకంలో ఆయనది ఒక్క లైను: "ప్రజ్ఞా పరీక్షల పితామహుడు – ఆల్ఫ్రెడ్ బినె, 1905." ఆయన అసలు ఎందుకు చేశాడో అందులో లేదు. పారిస్ బడుల్లో మామూలు తరగతిలో నెట్టుకురాలేని పిల్లలెవరో కనుక్కుని వాళ్ళకి వేరే సాయం అందించాలి, దానికొక సాధనం కావాలి, అదీ ప్రభుత్వం ఆయన్ని అడిగింది. ఆయన సిమోన్‌తో కలిసి ముప్పై ప్రశ్నలు, పనులు తయారుచేశాడు. ప్రజ్ఞ పుట్టుకతో వచ్చిన కొలత, మారదు అనేవాళ్ళ మీద ఆయన గట్టిగానే మండిపడ్డాడు. వెనకబడిన పిల్లల కోసం కసరత్తులు కూడా తయారుచేశాడు, ఒంటికి కసరత్తు ఉన్నట్టే బుద్ధికీ అని. అందులో ఒకటేంటో తెలుసా? విగ్రహంలా కదలకుండా నిలబడడం. మన స్టాచ్యూ ఆటే! పిల్లలకి ముందు కుదురు రావాలని. 1911లో ఆయన పోయాడు. మరుసటి ఏడాది స్టెర్న్ మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగించమన్నాడు. 1916లో అమెరికాలో టెర్మన్ దాన్ని వందతో హెచ్చించి ఒక అంకె చేసి పెట్టాడు. ఎనిమిదేళ్ళ పిల్ల పదేళ్ళ పిల్ల చేసే పనులు చేస్తే ఐక్యూ 125. సాయం ఎవరికి కావాలో తెలుసుకోవడానికి పుట్టిన కొలబద్ద ఎవరు ఎంతో చెప్పే ముద్రగా మారడానికి పట్టిన కాలం పదకొండేళ్ళు. నేనైతే ఆ కొలబద్ద కూడా లేకుండా, కంటితో చూసి ముద్ర వేసేశాను.

ఇప్పుడు మూర్తిమత్వం. ఈ చాప్టరు నాకు మొదట్నుంచీ ఇష్టం, ఎందుకంటే మనుషుల్ని ఎంచడమంటే ఎవరికి ఇష్టం ఉండదు! 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు వెబ్‌స్టర్ నిఘంటువు ముందేసుకుని మనుషుల తీరు చెప్పే మాటలన్నీ ఏరారు. దాదాపు 18 వేలు వచ్చాయి. ఒక జాతి ఏ గుణాన్నయితే పట్టించుకుంటుందో దానికి తప్పకుండా ఒక మాట పుట్టించుకుంటుంది, కాబట్టి మాటల్ని వడకడితే గుణాలు తేలతాయి అన్నది దీని వెనక ఆలోచన. ఆ దారిలోనే ఎన్నో దశాబ్దాల వడపోత తర్వాత ఇప్పుడందరూ చెప్పే అయిదు గుణాలు తేలాయి: కొత్తవాటి మీద ఆసక్తి, పనిలో క్రమం, కలుపుగోలుతనం, మెతకదనం, ఊరికే కంగారుపడే గుణం. పేర్లు నావి, తెలుగు అకాడమీ పుస్తకంలో ఇంకా గంభీరంగా ఉంటాయి.

ఇది చదివాక మా స్టాఫ్‌రూంలో అన్నాలు తినేటప్పుడు ఒక ఆట పెట్టాను. మనుషుల్ని అనడానికి తెలుగులో ఉన్న మాటలు చెప్పండి అని. పెంకి, మొండి, గడసరి, నంగనాచి, ముంగి, తింగరి, మాయదారి, గుంభన, గయ్యాళి, వాగుడుకాయ, నోట్లో నాలుక లేనిది, నస, పిసినారి, దుడుకు, నిదానస్థుడు. పావుగంటలో కాగితం నిండింది. తిట్లే ఎక్కువ. ఇంకొకటి గమనించాం. గయ్యాళికి మగ మాట దొరకలేదు. అరిచే మగవాడిని "కాస్త కోపం ఎక్కువ" అంటారు, పాపం. ఆ పద్ధతిలో వడకడితే తేలేది మనుషుల గుణాలా, మనుషుల్ని చూసే వాళ్ళ గుణాలా అని నాకు అనుమానం.

నా మూడో తరగతిలో ఒక పిల్ల ముంగి. జూన్ నుంచి నవంబరు దాకా నాతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. అంతర్ముఖి, అని టిక్కు పెట్టేశాను. డిసెంబరులో మండల ఆటల పోటీలకి పిల్లల్ని తీసుకెళ్తే, ఖోఖోలో ఆ గొంతు వినాలి మీరు! జట్టులో మిగతా అందరినీ అదిలిస్తోంది. ఎవరెటు పరిగెత్తాలో అదే చెబుతోంది. ఏది అసలు పిల్ల? వాల్టర్ మిషెల్ అనే ఆయన 1968లో సరిగ్గా ఈ గొడవే లేపాడు. ఒక గుణం పేరు చెప్పి, దాన్ని బట్టి ఒకానొక చోట మనిషి ఏం చేస్తాడో చెప్పబోతే మన అంచనా చాలా బలహీనంగా ఉంటుందని లెక్కలు చూపించాడు. అలాగని గుణాలే అబద్ధమని నేననను. ఒక్కరోజు వాన చూసి కాకినాడ వాతావరణం చెప్పలేం, పదేళ్ళు చూస్తే చెప్పొచ్చు. నేను చూసింది మాత్రం ఒక గది, ఒక కుర్చీ, అందులో నేను.

అదే తరగతిలో ఇంకో పిల్ల మధ్యాహ్నం భోజనం కాగానే నిద్రపోయేది. "శ్రద్ధ లేదు" అని రాశాను. ఒకరోజు వాళ్ళమ్మని పిలిపించాను.

"శ్రద్ధ లేకేం కాదండి టీచరుగారూ. మా అత్తగారికి రేత్రుళ్ళు ఆయాసమండి. నేను మూడింటికే చేపల కోసం ఒడ్డుకెళ్ళిపోతానండి. పిల్లే లేచి నీళ్ళిత్తాదండి."

నేను పిల్ల లోపల ఉన్న గుణం చెప్పాను. ఆవిడ పిల్ల చుట్టూ ఉన్న కారణం చెప్పింది. దీనికి మా నోట్సులో లేని ఒక పరిశోధన ఉంది. జోన్ మిల్లర్ అనే ఆవిడ అమెరికా వాళ్ళనీ, మైసూరు వాళ్ళనీ పోల్చి 1984లో ప్రచురించింది. తెలిసినవాళ్ళు చేసిన ఒక మంచి పనో చెడ్డ పనో చెప్పి, ఎందుకలా చేశారో వివరించమంది. అమెరికా పెద్దవాళ్ళు ఎక్కువగా వాడి స్వభావం అదీ అన్నారు. మైసూరు పెద్దవాళ్ళు ఎక్కువగా వాడి పరిస్థితి అదీ అన్నారు. చిన్నపిల్లల్లో రెండు చోట్లా ఈ తేడా పెద్దగా లేదు, ఎదిగేకొద్దీ పెరిగింది. అంటే ఎలా చూడాలో పిల్లలు పెద్దవాళ్ళని చూసే నేర్చుకుంటున్నారన్నమాట. ఇది చదివి నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. బడికి పోని ఆవిడకి తెలిసిన చూపును నేను డీఈడీ, టెట్, డీఎస్సీ రాసి పోగొట్టుకున్నాను.

ప్రేరణ గురించి పెద్దగా చెప్పను, నా తెలివితక్కువ పని ఒకటి చెప్పి వదిలేస్తాను. తరగతిలో ఒక మూల తాడు కట్టి కథల పుస్తకాలు వేలాడదీశాను. ఖాళీ దొరికితే పిల్లలు అక్కడే ఉండేవాళ్ళు. ఇంకా చదివిద్దామని, ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్ళకి జెల్ పెన్ను అన్నాను. వారం తిరక్కుండా అందరూ పల్చటి పుస్తకాలే తీయడం మొదలుపెట్టారు. ఒకడైతే అట్టలు లెక్కపెట్టి "పదైపోయాయండి" అన్నాడు. పెన్నులు అయిపోయాక తాడు దగ్గరికి ఎవరూ రాలేదు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అమెరికాలో ఒక నర్సరీలో ఇదే చూశారు. బొమ్మలు వేయడం ఇష్టమైన పిల్లల్లో కొందరికి, వేస్తే బంగారు ముద్ర ఉన్న పత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్ళ తర్వాత చూస్తే, ఏమీ ఆశపెట్టని పిల్లలతో పోలిస్తే వీళ్ళు స్కెచ్ పెన్నులతో గడిపిన సమయం సగమే. ముందు చెప్పకుండా చివర్లో పత్రం ఇచ్చిన పిల్లలకి మాత్రం ఏమీ కాలేదు. ఇది కూడా నా పుస్తకంలో "బాహ్య ప్రేరణ – బహుమతులు, అంతర్గత ప్రేరణ – ఆసక్తి" అని ఉంది. రెండూ పక్కపక్కనే రాసుకున్నాను. ఒకటి రెండోదాన్ని తినేస్తుందని మాత్రం రాసుకోలేదు.

సాంఘిక ప్రవర్తన అనగానే నాకు వినిపించే శబ్దం "ఆయ్". గోదావరి జిల్లాల వాళ్ళకి చెప్పక్కర్లేదు. "అర్థమైందా?" అంటే ముప్పై గొంతులు "ఆయ్, అర్థమైందండీ" అంటాయి. ఎంత కమ్మగా ఉంటుందో. ఏడాది పాటు దాన్ని నమ్మాను. సోలమన్ ఆష్ 1951లో చేసిన గీతల ప్రయోగం నాకు బిట్‌గా వచ్చు: గదిలో మిగతావాళ్ళందరూ ముందే మాట్లాడుకుని సమానం కాని గీతలను సమానం అంటే, ఏమీ తెలియని ఆ ఒక్కడూ సగటున మూడింట ఒకసారి అవునంటాడు. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా లొంగారు. అయితే గదిలో ఇంకొక్కడు నిజం చెబితే చాలు, లొంగడం బాగా తగ్గిపోతుంది. ఈ చివరి ముక్క బిట్లలో లేదు, అసలు పనికొచ్చేది అదే. ఒకరోజు "ఆయ్" కాగానే అందరినీ పలకల మీద జవాబు రాసి ఒక్కసారే ఎత్తమన్నాను. ఆరోజు వచ్చింది 23 మంది. తొమ్మిది పలకల మీదే సరైన జవాబు ఉంది. ఇప్పుడు రోజూ పలకలే. పక్కవాడి పలక కూడా తప్పని కనబడ్డాక, "నాకు రాలేదండి" అనేవాళ్ళు మెల్లగా పెరిగారు. పోయిన నెల మాకు ట్రైనింగ్ అయింది. రిసోర్స్ పర్సన్ గారు చివర్లో "అందరికీ అర్థమైందా మేడమ్స్?" అన్నారు. నలభై మంది టీచర్లం ఒకే గొంతుతో ఏమన్నామో ఊహించుకోండి. నాకు సగం అర్థం కాలేదు. నేనూ అన్నాను.

బుడ్డోడికి కాగితం మీద తీసివేత ఇంకా పూర్తిగా రాలేదు. ఇప్పుడు వాడి చేత గంప లెక్కే నోటుపుస్తకంలో రాయిస్తున్నాను: 180, దానికి 20, తర్వాత మూడొందలు, మొత్తం 320. అప్పు తెచ్చుకునే పద్ధతి తర్వాత చూద్దాం. మొన్న ప్రోగ్రెస్ కార్డులు నింపేటప్పుడు వాడి గడిలో "స్లో" అని రాయలేదు. "చిల్లర లెక్క తప్పు పోదు. అదే లెక్క నిలువుగా వేస్తే అంకెలు తిరగబడుతున్నాయి, ఇంకా నేర్పాలి" అని రాశాను. హెచ్చెమ్ గారు కార్డు కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని చదివి, "గడిలో గ్రేడు వేస్తే చాలు కదా మేడం, ఇంత రాశారేంటి, పక్కవాడి గడిలోకి పోయింది" అన్నారు. నిజమే, పోయింది. పక్కవాడి గ్రేడు కనబడేలా దాని మీద స్కేలుతో ఒక గీత కొట్టి ఇచ్చాను.